పిల్లలను వెతుక్కుంటూ వచ్చే కాలేజీలు

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం మాస్టర్లం. మాటల మధ్య ఉర్దూ దొర్లుతుంది, సర్దుకోగలరు. కార్యవర్గం వారు మమ్మల్ని పిలిచి, "మాస్టర్ సాబ్, ఈసారి అమెరికా కాలేజీలు ఆటగాళ్లను ఎట్లా ఏరుకుంటాయో చెప్పండి" అన్నప్పుడు ఇదేం విషయం అనుకున్నాం. కారణం తెలిసిన తర్వాత సరేనన్నాం. మన సభ్యులలో ఒకరి చెల్లెలి కుటుంబం టెక్సాస్‌లో ఉంటున్నది. వారి అబ్బాయి అక్కడ పదకొండో తరగతి. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న పిల్లవాడు. ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ ఇంటికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నాడట. "మా దగ్గరికి రా, చదువు, తిండి, వసతి అంతా ఉచితం" అంటున్నాడట. ఆ అబ్బాయి నానీ ఇక్కడే ఉన్నారు. ఆమెకు నిద్ర లేదు. "ఫీజు తీసుకోకుండా చదువు చెప్పేవాడు మా పిల్లవాడి దగ్గర ఏం తీసుకుంటాడు?" అని అడిగారు. పెద్ద పెద్ద చదువులు చదివినవారు కూడా ఇంత సూటిగా అడగరు.

ముందు ఆట సంగతి. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డును రెండు కొసలా పట్టి లాగినట్టు ఉంటుంది. తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు. మైదానంలో జట్టుకు 11 మందే గాని, దాడి చేయడానికి ఒక 11, అడ్డుకోవడానికి ఇంకొక 11, బంతి తన్నడానికి మళ్లీ వేరేవాళ్లు. అందుకని ఒక్కొక్క కాలేజీ జట్టులో వంద మంది దాకా ఉంటారు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో 1,07,601 మంది కూర్చోవచ్చు. కాలేజీ పిల్లల ఆట చూడటానికి! టికెట్ల డబ్బు, టెలివిజన్ వాళ్లిచ్చే డబ్బు, పూర్వ విద్యార్థుల చందాలు అన్నీ ఈ ఆట మీద ఆధారపడి ఉంటాయి. నానీ గారి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే వచ్చేసింది.

ఇక ఏరుకోవడం. అమెరికా హైస్కూళ్లలో ఈ ఆట ఆడే పిల్లలు సుమారు 10 లక్షల మంది. పై అంతస్తులో ఉన్న యూనివర్సిటీలు 130 పైచిలుకు. అక్కడ చాలా ఏళ్లు ఒక్కొక్క జట్టుకు 85 స్కాలర్‌షిప్‌లే అనే నిబంధన ఉండేది. 2025లో కోర్టు ఒప్పందం తర్వాత ఆ లెక్క పోయి, ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకు జట్టులో 105 మంది అనే హద్దు వచ్చింది. ఏటా కొత్తగా తీసుకునే హైస్కూలు పిల్లలు ఒక్కో చోట ఇరవై, పాతిక మంది. పైగా హైస్కూలు వదిలి మూడేళ్లు గడవనిదే ప్రొఫెషనల్ లీగ్ ఎవరినీ తీసుకోదు. కాబట్టి ఆ కుర్రవాళ్లకు కాలేజీ తప్ప వేరే తోవ లేనట్టే.

యూనివర్సిటీలో ప్రధాన కోచ్ కింద ఉండే సహాయ కోచ్‌లకు తలా ఒక ప్రాంతం పంచి ఇస్తారు, మన రెవెన్యూ వాళ్లకు ఫిర్కాలు పంచినట్టు. టెక్సాస్, ఫ్లోరిడా, కాలిఫోర్నియా, జార్జియా రాష్ట్రాలలో అయితే పోటీ మరీ ఎక్కువ. ఆ కోచ్ తన ప్రాంతంలోని హైస్కూలు కోచ్‌లతో దోస్తీ చేసుకుంటాడు, వీడియోలు చూస్తాడు, ఎండాకాలం శిబిరాలకు పిల్లలను పిలిచి ఎత్తు, బరువు, చేతి పొడవు కొలుస్తాడు, 40 గజాల పరుగు గడియారం పెట్టి చూస్తాడు. తెలివైనవాడు అంతటితో ఆగడు. కుర్రవాడు కుస్తీ పడతాడా, బాస్కెట్‌బాల్ ఆడతాడా అని వాకబు చేస్తాడు. బడికి పోయి టీచర్లను అడుగుతాడు. ఇది కాక, పిల్లలకు చుక్కలు వేసే సంస్థలు వేరే ఉన్నాయి. హోటళ్లకు వేసినట్టు రెండు చుక్కలు, మూడు చుక్కలు. దేశం మొత్తం మీద అయిదు చుక్కలు పడేది ఏడాదికి సుమారు 30 మందికి. పదహారేళ్ల పిల్లవాడి నెత్తి మీద చుక్కలు వేయడం మాకు నచ్చలేదు. అయినా అది అక్కడ పెద్ద వ్యాపారం.

పిల్లవాడిని ఎప్పుడు కలవాలి, ఎప్పుడు కలవకూడదు అనేదానికి ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థ క్యాలెండరు వేస్తుంది. పదకొండో తరగతి సెప్టెంబరు 1 తర్వాతనే కోచ్ నేరుగా ఉత్తరాలు, మెసేజీలు పంపాలి. కొన్ని వారాలు ఇంటికి పోవచ్చు, కొన్ని వారాలు బడి మైదానంలో దూరం నుంచి చూడవచ్చు, కొన్ని వారాలు ముఖాముఖి కలవనే కూడదు. యూనివర్సిటీ తన ఖర్చుతో పిల్లవాడిని, తల్లిదండ్రులను పిలిపించుకుని రెండు రాత్రులు మర్యాద చేయవచ్చు. అక్కడ జట్టు దుస్తులు తొడిగి ఫొటోలు తీస్తారు. ఆఖరికి ప్రధాన కోచ్ స్వయంగా ఇంటికి వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అమ్మ వండినది తిని పొగుడుతాడు. అమ్మ ఒప్పుకుంటే సంబంధం సగం కుదిరినట్టేనని వాళ్లకు బాగా తెలుసు.

మాకు వీటన్నిటిలోనూ నచ్చినది ఒకటి ఉన్నది. ఎంత ఆటగాడైనా హైస్కూలులో 16 ముఖ్య సబ్జెక్టుల కోర్సులు పూర్తి చేయాలి, వాటిలో సగటు 2.3కు తగ్గరాదు. ఆ పదహారింటిలో పది ఆఖరి సంవత్సరం మొదలు కాకముందే అయిపోవాలి. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు తప్పించుకోవడానికి వీల్లేదు. ఆఖరి ఏడాదిలో హడావిడిగా గట్టెక్కిద్దామంటే కుదరదు.

ఇప్పుడు మాట ఇవ్వడం సంగతి. ఇది జాగ్రత్తగా వినండి. "నీకు సీటు ఇస్తున్నాం" అని కోచ్ నోటితో అంటే దానికి కట్టుబాటు లేదు. "వస్తాను" అని పిల్లవాడు అన్నా అంతే. నిఖా కాని మంగ్నీ అన్నమాట. ఇంకా మంచివాడు దొరికితే కోచ్ ఫోన్ ఎత్తడు. కోచ్ వేరే యూనివర్సిటీకి పోతే అతని మాటలూ అతని వెంటే పోతాయి. డిసెంబరులోనో, ఫిబ్రవరిలోనో సంతకాలయ్యే దాకా ఏదీ ఖాయం కాదు. 1964 నుంచి ఉన్న పాత అంగీకార పత్రాన్ని 2024లో రద్దు చేశారు. ఇప్పుడు స్కాలర్‌షిప్ ఒప్పందమే చూడాలి. అది ఏడాదిదా, నాలుగేళ్లదా? ఆటలో వెనకబడితే, మోకాలు విరిగితే ఏమిటి? పెద్ద కూటముల యూనివర్సిటీలు ఆట బాగాలేదని స్కాలర్‌షిప్ తీసేయకూడదని 2015లో నిబంధన చేసుకున్నాయి. చిన్న యూనివర్సిటీలలో ఎవరి ఒప్పందం వారిది, చదువుకోవలసిందే. కాలేజీ ఆటగాళ్లలో ప్రొఫెషనల్ లీగ్‌కు పోయేది వందకు ఇద్దరు కూడా ఉండరు. మిగతావారికి మిగిలేది డిగ్రీ.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఒకప్పుడు ఆటగాడికి పైసా ఇవ్వడం నేరం. చాటుగా మాత్రం ఇచ్చేవారు. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో ధనికులు కుర్రవాళ్లకు నెల నెలా డబ్బు ముట్టజెప్పుతున్నట్టు తేలితే, ఎన్.సి.ఎ.ఎ. 1987లో ఆ ఏడాది ఆటనే రద్దు చేసింది. 1988లో కూడా ఆ జట్టు మైదానంలోకి దిగలేదు. ఇప్పుడు కథ తలకిందులైంది. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025 జూలై నుంచి యూనివర్సిటీయే అన్ని ఆటలవారికీ కలిపి ఏడాదికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. ఆటగాళ్లు ఒక కాలేజీ నుంచి ఇంకొక కాలేజీకి సులువుగా మారిపోతున్నారు. ఆరితేరినవాడు దొరుకుతుండగా పచ్చి పిల్లవాడెందుకని హైస్కూలు పిల్లల సీట్లు కొన్నిచోట్ల తగ్గిస్తున్నారు. మన నానీ గారి మనవడికి తగిలేది ముఖ్యంగా ఈ దెబ్బే.

ఇంకొక విషయం మన బిరాదరీ శ్రద్ధగా వినవలసింది. దక్షిణాది పెద్ద యూనివర్సిటీలు ఏళ్ల తరబడి నల్లజాతి పిల్లలకు తలుపు తీయలేదు. వాళ్ల కూటమిలో మొదటిసారి ఒక నల్లజాతి కుర్రవాడు ఫుట్‌బాల్ ఆడింది 1967లో, కెంటకీ తరఫున. పేరు నేట్ నార్తింగ్టన్. 1970 సెప్టెంబరులో కాలిఫోర్నియా నుంచి వచ్చిన జట్టు బర్మింగ్‌హామ్‌లో అలబామాను 42-21తో ఓడించింది. అందులో సామ్ కన్నింగ్‌హామ్ అనే నల్లజాతి ఆటగాడు విజృంభించాడు. ఆ దెబ్బతోనే అలబామా కళ్లు తెరిచిందని అందరూ చెప్పుకుంటారు. నిజానికి విల్బర్ జాక్సన్ అనే నల్లజాతి కుర్రవాడికి అలబామా 1969లోనే స్కాలర్‌షిప్ ఇచ్చింది. మొదటి సంవత్సరం వాళ్లను అప్పుడు ఆడనిచ్చేవారు కారు గనుక ఆ రోజు అతను ప్రేక్షకులలో కూర్చున్నాడు.

ఆ తలుపులు మూసి ఉన్న కాలంలో ఈ పిల్లలంతా ఎక్కడికి పోయారు? లూసియానాలో గ్రాంబ్లింగ్ అనే చిన్న నల్లజాతి కాలేజీ ఉన్నది. అక్కడ ఎడ్డీ రాబిన్సన్ అనే కోచ్ 1941 నుంచి 1997 దాకా పనిచేసి 408 ఆటలు గెలిచాడు, 200 మందికి పైగా శిష్యులను ప్రొఫెషనల్ లీగ్‌కు పంపాడు. పెద్ద యూనివర్సిటీలు తలుపులు తీయగానే మెరికల్లాంటి పిల్లలు అటే పోయారు. గ్రాంబ్లింగ్ వంటి కాలేజీలు చిక్కిపోయాయి. తలుపు తీసింది దయతోనా, గెలుపు మీద ఆశతోనా అంటే, మా మటుకు మేము రెండోదే ఎక్కువ అంటాం.

నానీ గారి రెండో బెంగ దీన్ గురించి. రోజా ఎట్లా, నమాజు ఎట్లా? మిషిగన్ రాష్ట్రంలో డియర్‌బార్న్ అనే ఊళ్లో ఫోర్డ్‌సన్ హైస్కూలు ఉన్నది. అక్కడి పిల్లలు చాలామంది అరబ్ ముస్లింలు. 2010లో రంజాన్ ఆగస్టులో వస్తే, ఆ కోచ్ సాధనను రాత్రి 11 గంటలకు మార్చి తెల్లవారుజాము దాకా చేయించాడు. కాలిఫోర్నియా పిల్లలు హమ్జా అబ్దుల్లా, హుసేన్ అబ్దుల్లా అన్నదమ్ములు. ఇద్దరూ వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఆడి ప్రొఫెషనల్ లీగ్‌కు పోయారు. హజ్ కోసం 2012 సీజను మొత్తం వదులుకున్నారు. హుసేన్ తిరిగి వచ్చి 2014లో ఒక ఆటలో బంతి పట్టుకుని గీత దాటి సజ్దా చేస్తే రెఫరీ జరిమానా వేశాడు. ఆ జరిమానా వేయకుండా ఉండవలసిందని మర్నాడు లీగ్ వారే ప్రకటించారు. కనుక దారి ఉన్నది. అయితే "రంజాన్‌లో మీ సాధన ఎప్పుడు? హలాల్ భోజనం ఎవరు చూస్తారు?" అని ఆ కోచ్ వంటింట్లో కూర్చున్న రోజునే తల్లి అడగాలి. సంతకం తర్వాత కాదు.

పిల్లవాడిని వెతుక్కుంటూ పోవడం మనకు తెలియని విద్య ఏమీ కాదు. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ మా మాదిరి బడి పంతులే. 1950 నుంచి 1963లో ఇంతకాలు చేసేదాకా సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దారు. దేశానికి 1951లోనూ, 1962లోనూ ఏషియన్ గేమ్స్ బంగారు పతకం వచ్చింది ఆయన చేతిలోనే. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరామ్‌ను చూసి నగరానికి రమ్మంటే, రావడానికి డబ్బుల్లేవన్నాడు. రహీమ్ సాహెబ్ సైకిలు అద్దె తామే ఇచ్చారు. ఆ బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు.

మన సొసైటీ వజీఫా ఎట్లా ఇస్తున్నాం? నోటీసు అంటిస్తాం, ఫారాలు పెడతాం, వచ్చినవారిలో మార్కులు చూసి ఇస్తాం. ఫారం చదవగలిగిన తండ్రి ఉన్న పిల్లవాడే వస్తున్నాడు. మెకానిక్ షెడ్డులో పనిచేస్తూ లెక్కలలో నూటికి తొంభై తెచ్చుకునేవాడు రావడం లేదు. వాడి పేరు మా హాజరు పట్టీలోనే ఉంటుంది గదా! కార్యవర్గం ఒప్పుకుంటే, జూన్‌లో బడులు తెరవగానే మేము నలుగురు మాస్టర్లం తలా మూడు బడులు పంచుకుని పోతాం, ఆ తర్వాత ఇళ్లకు పోతాం. ఫారాలు మేమే నింపుతాం. ఆదాయ సర్టిఫికెట్ల కోసం మీసేవ చుట్టూ తిరగడానికి మాత్రం ఇద్దరు యువకులు కావాలి. బండి ఉన్నవారైతే మరీ మంచిది. జొహర్ నమాజు కాగానే మమ్మల్ని ఇక్కడే, ఈ మెట్ల దగ్గర కలవండి.