తాడు చేతికిచ్చిన నాడు

పదునైదేండ్ల కుమారుడు మాట వినడనియు, ఇంటిపని ముట్టడనియు, ఎవరితోను కలియడనియు చింతించు తల్లిదండ్రులు ప్రతి వీథియందును కలరు. నీతులు చెప్పి విసిగినవారు కొందరు, దండించి ఓడినవారు కొందరు. ఇట్టి పిల్లలను కొండలకును అడవులకును కొనిపోయి, అచటి జీవనముచేతనే దిద్దు పద్ధతి యొకటి పాశ్చాత్య దేశములలో పెంపొందినది. దానిని మనము అరణ్యచికిత్స యనవచ్చును.

దీని మూలము యుద్ధకాలపు సముద్రతీరమున కలదు. 1941లో వేల్స్ దేశపు అబెర్‌డవీ రేవునందు కుర్ట్ హాన్ అను విద్యావేత్తయు, లారెన్స్ హోల్ట్ అను ఓడల యజమానియు ఒక పాఠశాలను నెలకొల్పిరి. శత్రువుల దాడికి ఓడ మునిగినపుడు, బలిష్ఠులైన యువనావికులకంటె అనుభవజ్ఞులైన పెద్దలే బ్రదికి బయటపడుచున్నారని హోల్ట్ భావించెను. యువకులకు కొరవడినది కండబలము కాదు, ఆత్మవిశ్వాసమని ఆయన తలంపు. రేవు విడిచి సాగరమునకు సాగు ఓడను నావికులు 'ఔట్‌వర్డ్ బౌండ్' అందురు. పాఠశాలకు ఆ పేరే పెట్టిరి. 1960లలో ఈ పద్ధతి అమెరికాకు చేరినది. క్రమముగా మానసిక చికిత్సకులు తోడై, దారితప్పిన పిల్లలకు దీనిని చికిత్సగా మలచిరి.

అడవి నేర్పున దేమి? ఇంట కుమారుడు నీరు తేకున్న తల్లి తెచ్చును. అడవిలో వంతుగలవాడు తేకున్న ఆ పూట పదిమందికి వంట లేదు. గుడారపు మేకు సరిగా దిగకున్న ఆ మాట రాత్రి గాలివానయే చెప్పును. అచట గద్దింపు లేదు. చేసిన పనికి ఫలము మాత్రము కంటియెదుట నిలుచును.

మన భువనగిరి ఏకశిలపై శిలారోహణ శిక్షణ జరుగును. 2014 మే 25న ఎవరెస్టు నధిరోహించిన మాలావత్ పూర్ణయు, సాధనపల్లి ఆనందకుమారును ఇచటనే తొలిపాఠములు నేర్చిరి. వారు చికిత్సకై వచ్చినవారు కారు, గురుకుల విద్యార్థులు. అయినను కొండ నేర్పు పాఠ మెల్లరకు నొకటియే. ఒకరు ఎక్కుచుండ మరొకరు క్రింద నిలిచి తాడు పట్టుదురు. పైవాని ప్రాణము క్రిందివాని చేతిలో నుండును. 'నీవు పనికిరావు' అను మాటయే వినుచు పెరిగిన బాలునికి ఒకడు తన ప్రాణమునే అప్పగించినపుడు, వాని చేయి తాడును వదలదు. బాధ్యత బోధించిన వచ్చునది కాదు. నమ్మి అప్పగించిన వచ్చునది.

ఈ మర్మము మరచినచోట అనర్థములు జరిగినవి. అమెరికాలో కొన్ని శిబిరములకు పిల్లలను అర్ధరాత్రి నిద్రలేపి బలవంతముగా తరలించిరి. 2024లో నార్త్ కరోలినా రాష్ట్రమున పన్నెండేండ్ల బాలుడొకడు శిబిరమునకు చేరిన మరునాటి ఉదయమే విగతజీవుడై కనబడెను. ఆ ఏటనే ప్రభుత్వము దాని అనుమతిని రద్దు చేసినది. తాడు చేతికిచ్చుట వేరు, తాడుతో కట్టుట వేరు. బిడ్డ సమ్మతి, నేర్పరులైన శిక్షకులు, వైద్యసదుపాయము లేనిచోటికి పిల్లలను పంపరాదు.

కొండనుండి దిగివచ్చిన బాలుడు మరల మన యింటికే రావలెను గదా! ఇంట వాని కెవరును ఏ పనియు అప్పగింపకున్న, అచట నేర్చినది ఎన్నాళ్లు నిలుచును? కావున శ్రోతలారా, నలుగురు నిజముగా ఆధారపడు పని యొకటి నేడే మీ బిడ్డ కప్పగింపుడు. అప్పగించిన పిదప, మధ్యలో మీరు చేయి చేసికొని దానిని పూర్తి చేయకుడు. అదియే మన వంతు.