చేతిరాత చెడితే చెయ్యి చూడండి

 

మేము బడిపంతుళ్లం. రోజూ మా కళ్లముందు కదిలేవి పిల్లల చేతులే. నిన్నటిదాకా ముత్యాల్లాంటి అక్షరాలు రాసిన పిల్లకు నేడు గీతలు అడ్డదిడ్డంగా పడుతుంటే, బద్ధకమని తిట్టేముందు ఆ చెయ్యి చూడాలి. ఈ నాలుగు మాటలు అందుకే.

మెలోరియోస్టోసిస్ అనే ఎముక జబ్బు ఉంది. చాలా అరుదు, సుమారు పది లక్షల మందిలో ఒకరికి వస్తుంది. 1922లో ఫ్రాన్సు వైద్యులు లెరీ, జొవానీ దీన్ని వివరించారు. ఎక్స్‌రేలో చూస్తే, కొవ్వొత్తి పక్కన మైనం కారి గడ్డకట్టినట్టు ఎముక మీద ఎముక పేరుకొని ఉంటుంది. మన మణికట్టులో ఒక ఇరుకు దారి ఉంది. వేళ్లను వంచే తొమ్మిది స్నాయువులు, ఒక ముఖ్యమైన నరం అందులోంచే అరచేతిలోకి వెళతాయి. ఎముక అక్కడ పెరిగితే నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి. రాత్రిళ్లు నొప్పి నిద్రపోనివ్వదు. పెన్ను జారిపోతుంది, గుండీ పెట్టుకోవడం కూడా కష్టమవుతుంది.

ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సర్ కాదు. 2018లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 15 మంది రోగులను పరీక్షిస్తే, 8 మందిలో జబ్బు ఉన్న ఎముకలో మాత్రమే ఒక జన్యు మార్పు కనబడింది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు. కాబట్టి తల్లినో, దగ్గర సంబంధం పెళ్లినో నిందించకండి.

జబ్బును పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ నరం మీది ఒత్తిడిని ఆపరేషన్‌తో తగ్గించవచ్చు. ఆలస్యమైతే చచ్చుబడ్డ కండ తిరిగి రాకపోవచ్చు. చదువు మాత్రం ఆగనక్కర్లేదు. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే ఒక అభ్యర్థి కేసులో, 40 శాతం వైకల్యం లేకపోయినా పరీక్షకు రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

తిమ్మిరి వచ్చిన ప్రతి చేతిలోనూ ఈ జబ్బే ఉండదు. ఏ జబ్బో తేలాలంటే పరీక్షలు కావాలి. ఎక్స్‌రే దాకా పేద తండ్రి ఎలాగో వెళ్తాడు. ఆ తర్వాత స్కానింగ్, నరాల పరీక్ష, పట్నానికి బస్సు ఛార్జీ, పోయిన రోజుకూలి దగ్గర ఆగిపోతాడు. దాతలారా, మీ చందాలో ఒక భాగం ఆ దారిఖర్చుకు కేటాయించండి. పిల్లల చేతులు గమనించే పని మేము చేస్తాం.