యంత్రం లేచేటప్పుడు రాసేది

   

ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే ప్రోగ్రాము, అంటే బూట్‌లోడర్, అనుకోకుండా చూపించే డీబగ్ వరుసలు ఎక్కడి నుంచి వస్తాయి, ఎలా చదవాలి, ఎలా ఆపాలి అని ఈ ఇంజనీర్స్ డే సభకు పిలిచినవారు నన్ను మూడు సంగతులు అడిగారు.

పాత పీసీల్లో బయోస్ ముందుగా డిస్క్ మొదటి సెక్టారు చదివేది. అది 512 బైట్లు. అందులో ప్రోగ్రాముకు దక్కేవి 446. అంత ఇరుకులో మొదలై, వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ లినక్స్ కోసం రాసిన 'లిలో' బూట్‌లోడర్ తన పేరునే అక్షరం అక్షరంగా తెర మీద వేసేది. 'ఎల్' పడితే మొదటి దశ లేచినట్టు. 'ఎల్ఐ' దగ్గర ఆగితే రెండో దశ మెమరీలోకి వచ్చింది కానీ నడవలేదు. 'ఎల్ఐఎల్' దగ్గర ఆగితే రెండో దశ నడిచింది, మ్యాప్ ఫైలు నుంచి పట్టిక తెచ్చుకోలేకపోయింది. నాలుగూ పడితే అంతా సవ్యం. ఇంత పొదుపుగా ఇంత చెప్పిన ప్రోగ్రాము నాకు మళ్లీ కనబడలేదు. మరి ఇందాక ఈ సభలో ప్రొజెక్టర్ వేస్తే ఏమొచ్చింది? కంపెనీ లోగో. అది అక్కడే ఆగిపోయి ఉంటే మనలో ఎవరికైనా కారణం తెలిసేదా? ఇప్పుడు చాలా మిషన్లకు వరుసలు దాచి లోగో చూపడమే అలవాటు చేశారు. నాకు బాధ కలిగించే సంగతి ఇది.

ఒక ఉదాహరణ చెబుతాను: పటాన్‌చెరు పారిశ్రామిక బెల్టులో ఒక ప్యాకింగ్ లైన్ ఉండేది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఒక్కోసారి కంట్రోలర్ లేచేది కాదు. సర్వీసు వాళ్లు కార్డు మార్చారు, పవర్ సప్లై మార్చారు, అయినా లాభం లేకపోయింది. ఆపరేటర్ నాకు ఫోన్ చేశాడు: "సార్, లోగో వచ్చేకాడ ఏవో అక్షరాలొస్తున్నయి. బస్తా కాంట మీద ఉంటేనే ఆగుతది."

అర్థం తెలియకపోయినా ఆ ఇంగ్లీషు వరుసలన్నీ లాగ్‌బుక్‌లో పొల్లుపోకుండా దించుకున్నాడు. ఆ పుస్తకం నేను రెండు చేతులతో అందుకున్నాను. అవి ఆ కంట్రోలర్ బూట్‌లోడర్ అయిన యూ-బూట్ వరుసలు. కొత్త ఫర్మ్‌వేర్‌లో డీబగ్ వెర్షన్ మిగిలిపోయింది. దాంతో తెర మీద వరుసలు వచ్చాయి, తూకం కాంటా కలిపిన సీరియల్ పోర్టే కన్సోల్‌గానూ తెరుచుకుంది. యూ-బూట్ కాసేపు ఆగి, ఏ కీ నొక్కినా బూట్ ఆపేస్తుంది. మీద బస్తా ఉన్నప్పుడు కాంటా పంపే అంకెలనే అది కీలుగా తీసుకుంది. వరుసల కింద చివర అతను రాసిన రెండు గుర్తులు యూ-బూట్ ఆదేశం కోసం ఎదురుచూసే ప్రాంప్ట్. కారణమంతా ఆ పేజీలోనే ఉంది.

ఎంతసేపు ఆగాలో చెప్పే బూట్‌డిలే విలువ మైనస్ 2 పెడితే యూ-బూట్ ఆగదు, కీ కోసం చూడదు. ఆ పోర్టు మీద కన్సోల్ మూయించాం. లైన్ నిలబడింది.

నా సమయం అయిందని గంట కొట్టారు. వరుసలు ఆపే పద్ధతులు తర్వాతి వక్త చెబుతారు. తెర మీద ఆపితే ఆపండి కానీ, బోర్డు మీది సీరియల్ పిన్నులు మాత్రం తీసేయకండి. షిఫ్ట్ లాగ్‌బుక్‌లో, మిషను లేచేటప్పుడు ఏం రాసిందో దించుకోవడానికి ఒక గడి గీయించండి.