మన పిల్లల లెక్క మనమే తియ్యాలి

(సామర్లకోటలో దళితపేటల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, యువకులు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



విద్యావిధానం అనేది ఢిల్లీలో పుడుతుంది. రాజధానిలో జీవో అవుతుంది. మన పేటకొచ్చేసరికి ఏమవుతుందండీ? ఓ తరగతి గదికి తాళం అవుతుంది. లేకపోతే ఓ పంతులుగారి బదిలీ అవుతుంది. దాన్ని వాళ్ళు సంస్కరణ అంటారు. ఫలితం ఏంటయ్యా అని అడిగితే రాష్ట్రం మొత్తానికీ కలిపి ఒక శాతం చెబుతారు. ఆ శాతంలో మన పేట ఎక్కడుంది? మాలపల్లె ఎక్కడుంది, మాదిగపల్లె ఎక్కడుంది, రెల్లివీధి ఎక్కడుంది? అది మాత్రం చెప్పరు. ఇవాళ నేను మాట్లాడేది ఆ సంగతే.

లెక్క అడగడం మనకి కొత్త కాదు. 1882లో జోతిరావు ఫూలే హంటర్ కమిషన్‌కి విజ్ఞాపన ఇచ్చినప్పుడు అడిగింది లెక్కే. చెమటోడ్చే రైతు కట్టే పన్నుతో చదువులు నడుస్తుంటే, ఆ చదువు పైకులాల పిల్లలకే ఎందుకు దక్కుతోందని నిలదీశాడు. అదే 1882లో మన సామర్లకోటలో కెనడా బాప్టిస్టు మిషనరీ మెక్‌లారిన్ దొర సెమినరీ పెట్టాడు. పెట్టింది మతం చెప్పడానికే. అయినా మనవాళ్ళ చేతికి పుస్తకం ఇవ్వక తప్పలేదు. అంతకుముందు ఆ మాత్రం కూడా ఇచ్చినవాడు లేడు మరి!

1927 మార్చిలో బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయి శాసనమండలిలో లేచి నిలబడి ఏం చెప్పాడో చూడండి. ప్రాథమిక బడిలో చేరిన 100 మందిలో నాలుగో తరగతి దాకా వచ్చేది 18 మందే, మిగతా 82 మంది మళ్ళీ నిరక్షరాస్యులైపోతున్నారన్నాడు. సర్కారు చదువు మీద తలకి 14 అణాలు ఖర్చు పెడుతోంది, మద్యం మీద తలకి 2 రూపాయల 2 అణాల 9 పైసలు రాబడుతోందన్నాడు. అంతటితో ఆగలేదు. చదువుకుంటున్నవాళ్ళలో ఏ వర్గంవాళ్ళు ఎంతమంది అని విడదీసి చూపించాడు. 1928లో సైమన్ కమిషన్‌కి అణగారిన వర్గాల చదువు మీద విడిగా ఒక నివేదికే ఇచ్చాడు. అందరినీ ఒక కుప్పలో పోసి లెక్కగడితే కింద ఉన్నవాడు కనబడడు. ఆయన అర్థం చేసుకున్నదీ, మనం మర్చిపోతున్నదీ అదే.

గదులు లెక్కపెట్టారు, పిల్లల్ని కాదు

1986లో జాతీయ విద్యావిధానం వచ్చింది. దాని కింద రెండు పనులు మన కంటికి కనబడ్డాయి. ఒకటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు: ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, కొంత బోధన సామగ్రి. రెండోది నవోదయ. మన జిల్లాకి వచ్చిన నవోదయ పక్కనున్న పెద్దాపురంలోనే ఉంది. ఏడాదికి 80 సీట్లు. రిజర్వేషన్ ఉంది కాబట్టి మన పిల్లలూ కొందరు అందులో చదువుకుని పైకొచ్చారు. మంచిదే. కానీ ఒక విధానం ఫలితాన్ని ఆ 80 మందితో కొలవాలా, ఆ గోడ బయట మిగిలిన వేలమందితో కొలవాలా? ఎన్ని గదులు కట్టాం, ఎన్ని పెట్టెలు పంచాం అని లెక్క చెప్పారు. ఆ గదిలో కూర్చున్న మన పిల్లోడు అయిదో తరగతి దాటాడా, దాటినోడు చదవగలడా అన్నది ఎవడూ చెప్పలేదు.

2020 జూలైలో ఇప్పటి జాతీయ విద్యావిధానం వచ్చింది. బడి చదువుని 5, 3, 3, 4 ఏళ్ళ దశలుగా విడగొట్టింది. అంగన్‌వాడీ వయసు మూడేళ్ళూ, ఒకటి రెండు తరగతులూ కలిపి పునాది దశ. మూడు నుంచి అయిదు ఆ పైది. అయితే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ దశలు పాఠానికీ బోధనకీ సంబంధించినవే, భవనాల్లో మార్పు అక్కర్లేదని ఆ పత్రంలోనే రాసుంది. మరి మన రాష్ట్రంలో ఏం జరిగింది? 2021లో 250 మీటర్ల లోపున్న బళ్ళతో మొదలుపెట్టారు. 2022 జూన్‌లో జీవో 117 తెచ్చి, కిలోమీటరు లోపు హైస్కూలుంటే 3, 4, 5 తరగతుల్ని అక్కడికి తరలించమన్నారు. కాగితం మీద దశ, నేల మీద తరలింపు! పేట బడిలో ఒకటి, రెండు మిగిలాయి. చాలాచోట్ల టీచరు కూడా ఒక్కరే మిగిలారు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఒక్క పంతులు అయిదు తరగతులకి చెప్పే బడి గొప్పదని నేననడం లేదు. 2016-17లో దేశంలో 1,08,017 ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయని విధాన పత్రమే ఒప్పుకుంది. హైస్కూలుకి పోతే సబ్జెక్టు టీచర్లుంటారు, పెద్ద బడి అలవాటవుతుందన్న మాటలో నిజం ఉండొచ్చు. ఉండొచ్చు అంటే సరిపోదు కదండీ. అయిందా లేదా చూపించాలి. 2025 మే నెలలో ప్రభుత్వం జీవో 117ని తీసేసి, తొమ్మిది రకాల బళ్ళంటూ కొత్త ఏర్పాటు తెచ్చింది. పెట్టినప్పుడూ మనల్ని అడగలేదు, తీసేటప్పుడూ అడగలేదు. మధ్యలో మూడేళ్ళు పోయాయి. 2022 జూన్‌లో మూడో తరగతికి రావలసిన పిల్లలు 2025 జూన్‌కి ఆరో తరగతిలో ఉండాలి. వాళ్ళంతా ఉన్నారా? మన పేటకొచ్చి ఆ లెక్క చెప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

సర్కారు లెక్కలో మనం ఎందుకు కనబడం

లెక్కలు లేవని కాదు, బోలెడున్నాయి. యూడైస్ ఉంది. కానీ ఏం జరిగిందో చూడండి. 2022 ఏప్రిల్‌లో తూర్పుగోదావరి జిల్లాని విడగొట్టారు. సామర్లకోట కాకినాడ జిల్లాలోకి వచ్చింది. జీవో 117 వచ్చిందీ ఆ ఏడే. ఇప్పుడు పాత జిల్లా అంకెనీ కొత్త జిల్లా అంకెనీ పక్కపక్కన పెడితే అది పోలిక అవుతుందా? యూడైస్‌లో కూడా 2022-23 నుంచి బడి మొత్తం అంకె బదులు పిల్లాడి వారీగా వివరాలు తీసుకోవడం మొదలైంది. పాత అంకెలతో నేరుగా పోల్చకూడదని కేంద్రమే చెప్పింది. దానికి ముందు కరోనాతో బళ్ళు మూతబడ్డాయి. 2020 జనవరి నుంచి అమ్మఒడి డబ్బులు పడ్డాయి. కాబట్టి చేరికలు పెరిగినా తగ్గినా ఇది ఫలానా జీవో వల్లే అని పై అంకెలు చూసి ఎవరూ చెప్పలేరు. మేం బాగుచేశామని మంత్రీ చెప్పకూడదు, నాశనం చేశారని మనమూ ఊరికే అరవకూడదు.

అసర్ సర్వే ఉందిగా అంటారు. అది ఇంటింటికీ వెళ్ళి పిల్లాడి చేత చదివించి చూస్తుంది, మంచి పద్ధతే. కానీ అది పల్లెలకే. సామర్లకోట మునిసిపాలిటీ. టౌనులో ఉన్న మన పేటలు దాంట్లోకి రావు.

ఇక సగటు చేసే మోసం చూడండి. ఒక బడిలో 100 మంది ఉన్నారనుకోండి. 85 మంది గట్టెక్కారు. హెచ్చెంగారికి అభినందనలు, బోర్డు మీద 85 శాతం. ఆ 100 మందిలో మన పేట పిల్లలు 20 మంది. మిగతా 80 మందిలో 76 మంది గట్టెక్కారు, అంటే నూటికి 95. మనవాళ్ళు 20లో తొమ్మిదిమందే, అంటే నూటికి 45. కలిపితే 85. అంకె తప్పు కాదు, ఒక్క అబద్ధమూ లేదు. మన పిల్లలు మాత్రం అందులో కనబడకుండా పోయారు. ఇది నేను లెక్క అర్థమవడానికి చెప్పిన ఉదాహరణ. మీ బడిలో నిజంగా ఎంతుందో మీరు తీసి చూడాలి.

ఇంకోటుంది. పిల్లాడు బడి మానేస్తే కంప్యూటర్లో వాడి పేరు డ్రాప్‌బాక్స్‌లో పడుతుంది. ఏ బడీ తీసుకోకపోతే అక్కడే ఉంటుంది. కానీ పేరు రోలులో ఉండి, పిల్లాడు నాట్లప్పుడు అమ్మ వెనకాల చేలో చెల్లెల్ని ఎత్తుకుని ఉంటే? వాడు ఏ పెట్టెలోనూ పడడు. బళ్ళో రిజిస్టరు రాసేవాణ్ణి, నాకు తెలుసు. రిజిస్టరులో ఉన్నవాళ్ళకీ, మధ్యాహ్న భోజనం కంచాలకీ మధ్య ఉండే తేడాయే అసలు నిజం.

మనం చెయ్యవలసిన లెక్క

దీనికి పెద్ద చదువులక్కర్లేదు. ఓ నోటుపుస్తకం, ఇద్దరు యువకులు, నాలుగు ఆదివారాలు చాలు.

మొదటిది, పేరుపేరునా జాబితా. 2021-22లో పేట బడిలో రెండో తరగతి చదివిన ప్రతి పిల్లాడూ, ప్రతి పిల్లా ఇప్పుడెక్కడ? సర్కారు హైస్కూల్లోనా, కాన్వెంటులోనా, అయిదో తరగతిలో గురుకులానికి వెళ్ళారా, తల్లిదండ్రులతో వలసపోయారా, పనిలో ఉన్నారా? గురుకులానికి పోయినవాణ్ణి బడి మానేసినవాడిగా రాయకండి. అప్పుచేసి కాన్వెంటులో వేసినవాళ్ళని విడిగా రాయండి. సర్కారు దించుకున్న బరువు ఆ తల్లిదండ్రుల నెత్తిన ఎంత పడిందో అక్కడ తెలుస్తుంది.

రెండోది, దూరం. విద్యాహక్కు చట్టం కింద 2010లో వచ్చిన కేంద్ర నియమాలు ఒకటి నుంచి అయిదు తరగతులకి నడిచే దూరం కిలోమీటరు అన్నాయి. మ్యాపు మీద గీత కాదు, నడిచే దూరం! మన ఊళ్ళో హౌరా-చెన్నై రైలు పట్టాలున్నాయి, గోదావరి కాలువుంది, లారీలు తిరిగే రోడ్డుంది. ఎనిమిదేళ్ళ పిల్లతో పాటు నడవండి. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎక్కడ దాటాలి, వానాకాలం ఎవరు తీసుకెళ్ళాలి, అందుకు ఏ తల్లి ఎన్ని రోజుల కూలి పోగొట్టుకుంది, అన్నీ రాయండి.

మూడోది, చదువు. ఇంగ్లీషు మీడియం కావాలని మన ఉద్యమం ఎప్పుడూ అడిగింది, అడుగుతుంది. 2019లో మన రాష్ట్రం ఇంగ్లీషు మీడియం జీవో ఇస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తమ పిల్లల్ని కార్పొరేటు బళ్ళకి పంపి, మన పిల్లల దగ్గరికొచ్చేసరికి మాతృభాష మీద ప్రేమ కార్చేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. అయితే బోర్డు మార్చినంత మాత్రాన భాష రాదు. రెండో తరగతి తెలుగు పుస్తకంలో ఒక పేరా, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు, ఒక తీసివేత ఇచ్చి చూడండి. వచ్చిందా రాలేదా, అంతే రాయండి. పిల్లల్ని బెదిరించొద్దు, నలుగురిలో సిగ్గుపరచొద్దు.

నాలుగోది, విడదీత. మాల, మాదిగ, రెల్లి విడిగా. ఆడపిల్లలు, మగపిల్లలు విడిగా. మనలో మనకి తేడాలు బయటపడతాయని భయపడొద్దు. పైవాళ్ళని అడిగిన లెక్క మన ఇంట్లో కూడా చెప్పుకోవాలి. వెనకబడ్డవాళ్ళు మనలోనే ఉంటే ముందు పట్టుకోవలసింది వాళ్ళ చెయ్యే.

అయిదోది, పోలిక. తరగతులు తరలిపోయిన పేటనొకదాన్నీ, తరలకుండా ఉన్న పేటనొకదాన్నీ పక్కపక్కన పెట్టండి. రెండుచోట్లా కరోనా వచ్చింది, రెండుచోట్లా అమ్మఒడి పడింది. అప్పుడు మిగిలే తేడా మనకి దారి చూపిస్తుంది. తేడా లేదని తేలితే అదీ దాచకుండా రాయాలి. మన లెక్క మీద రేపు ఎవడూ వేలు పెట్టకూడదు.

పిల్లల పేర్లు పేపరుకెక్కించకండి, అంకెలే చాలు. ఆ కాగితం పట్టుకుని తల్లిదండ్రుల కమిటీలో కూర్చోండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. బలహీన వర్గాలకి వాళ్ళ పిల్లల దామాషాలో చోటుండాలి. మీ సంతకం కోసం ఇంటికి పంపే మినిట్స్ పుస్తకంలో మన అంకెలు ఎక్కించమని పట్టుబట్టండి. ఎంఈవో ఆఫీసుకి సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో జవాబు చెప్పి తీరాలి.

కొత్త ఏర్పాటు మంచిదో చెడ్డదో నేనివాళ తీర్పు చెప్పను. కానీ ఈసారి మొదటి ఏడాది నుంచే లెక్క మన చేతిలో ఉండాలి. మూడేళ్ళ తర్వాత ఇంకో జీవో వచ్చి ఇది కూడా తీసేస్తున్నాం అన్నప్పుడు, మా పిల్లలు ఇంతమంది వెళ్ళారు, ఇంతమంది మిగిలారు, పోయినవాళ్ళకి ఎవరు జవాబుదారీ అని అడగగలగాలి. నివేదికలు రాసేవాళ్ళకి ఒక పిల్లాడు పోతే దశాంశం కూడా కదలదు. మనకి ఒక ఇల్లు ఆరిపోతుంది.

వచ్చే ఆదివారం నుంచి ఏ వీధికి ఎవరు వెళ్తారో, లేచి పేర్లివ్వండి. జై భీమ్!