మన ఇంట్లో గ్రానైటు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ డబ్బు చేతికి రాగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఇల్లు బాగుచేయించుకోవటం. వంటింటి గట్టుకి గ్రానైటు, వరండాకి గ్రానైటు, మెట్లకీ గ్రానైటే. అందుకని ఆ రాయి గురించి నాలుగు మాటలు చెప్తాను.

భూగర్భంలో శిలాద్రవం చాలా నెమ్మదిగా చల్లారి గట్టిపడితే ఏర్పడిన రాయి గ్రానైటు. నిదానంగా చల్లారింది కనుకనే గింజలు కంటికి కనిపించేంత పెద్దవయ్యాయి. హైదరాబాదు చుట్టుపక్కల గుట్టలు చూడండి. ఆ బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. వాటిలో గులాబీ రంగు గింజలు ఫెల్డ్‌స్పారు. గాజుముక్కల్లా ఉండేవి పలుగు. మెరిసే నల్లటి పొరలు అభ్రకం, మన పల్లెల్లో కాకిబంగారం అంటారే, ఆ జాతి.

పలుగు, ఫెల్డ్‌స్పారు రెండూ చాకు కంటే గట్టివి. నిమ్మరసం పడితే పాలరాయి మెరుపు పోతుంది, గ్రానైటుకి ఆ భయం లేదు. అయితే గింజల సందుల్లో సన్నటి రంధ్రాలుంటాయి. లేతరంగు పలక మీద పసుపు, నూనె ఒలికితే వెంటనే తుడవాలి.

ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ మీ అందరికీ తెలిసిందే. శాస్త్రం ప్రకారం అది గ్రానైటు కాదు, గాబ్రో జాతి రాయి. చుక్కల్లా మెరిసేది బంగారం కాదు, బ్రాంజైటు అనే ఖనిజం. దాన్ని గ్రానైటని అమ్మటం మోసమేమీ కాదు, వ్యాపారంలో వాడుక అంతే. వంటింటికి చక్కటి రాయి.

ఇక అసలు విషయం. గట్టి రాయి గనుకే అద్దంలా నునుపు తేలుతుంది. ఆ నునుపే మన వయసువాళ్ళకి ముప్పు. రెండేళ్ళ క్రితం వానజల్లుకి తడిసిన మా ఇంటి మెట్టు మీద జారి నా మణికట్టు విరిగింది. మేస్త్రీ వద్దన్నా వినకుండా నున్నటి రాయి వేయించింది నేనే.

స్నానాలగదికి, మెట్లకి ఫ్లేమ్డ్ ఫినిష్ అడగండి. పలకని గ్యాసు మంటతో కాలుస్తారు. పలుగు 573 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. పైగింజలు చిట్లి ఊడి, గరుకు తేలుతుంది. కనుక ఈ పనికి పలుగున్న అసలు గ్రానైటే తీసుకోవాలి, మందం పలకే తీసుకోవాలి. ఇదివరకే వేసేసినవాళ్ళు పీకించక్కర్లేదు. నేను మెట్ల అంచు వెంట గాడి కొట్టించాను, పక్కన పట్టుకోవటానికి కమ్మీ పెట్టించాను. గాడిలో దుమ్ము పేరుకుంటోందని మా ఆవిడ గొణుగుతూనే ఉంది.

సెలవు.