కంకరకు లెక్కుంది, మన ఊపిరికి లెక్కేది?

(క్వారీ, క్రషర్, తాపీ కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పని చేసి వచ్చి కూర్చున్నారు. ఎక్కువసేపు మాట్లాడను. కంకర గురించి చెప్తాను. మీటింగులో కంకర మాటేంది అనుకోకండి. మన అరచేతుల్లో కాయలు కాసింది దీనివల్లే. మన పేటల్లో రాత్రిళ్లు దగ్గు వినపడేదీ దీనివల్లే.

మన డెల్టాలో రాయి లేదు. గుడివాడలో గానీ, కైకలూరులో గానీ, దివిసీమలో గానీ గునపం వేసి చూడండి, నల్లమట్టీ ఒండ్రూ తప్ప ఏమీ రాదు. మరి ఊరూరా శ్లాబులు ఎట్లా లేచాయి? కొండపల్లి కొండల నుంచి, పరిటాల, దొనబండ క్వారీల నుంచి టిప్పర్లలో కంకర దిగింది. కాంక్రీటులో నాలుగు పాళ్లకు దాదాపు మూడు పాళ్లు కంకర, ఇసుకే. గోడల మీద మాత్రం సిమెంటు కంపెనీ పేరు రాస్తారు.

ఇది ఇవాళ్టి కథ కాదు. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1855లో పూర్తి చేశారు. అటూ ఇటూ ఉన్న కొండల రాయే కొట్టి కృష్ణలో పోశారు. కట్టించిన కెప్టెన్ ఓర్ పేరు పుస్తకాల్లో ఉంది. రాయి కొట్టినవాళ్ల పేర్లు లేవు. ఆ నీళ్లతో డెల్టా మాగాణి అయింది. మాగాణి ఎవరికి దక్కిందో, అందులో కూలి ఎవరికి దక్కిందో మీకు నేను చెప్పక్కర్లేదు.

2024 జనవరి 19న బెజవాడ స్వరాజ్య మైదానంలో అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. విగ్రహం 125 అడుగులు, కింద పీఠం 81 అడుగులు. చూసి మనవాళ్లు ఎంతోమంది కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ పీఠంలోనూ కంకర ఉంది. బాబాసాహెబ్ నిలబడిన చోట కూడా ఎవరిదో ఊపిరి ఉంది.

మా నాయన సంగతి చెప్తాను. పద్దెనిమిదేళ్లు క్రషర్ దగ్గర రాయి వేసే పని చేశాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. ముసలోడు వచ్చాడని మా అమ్మ నవ్వేది. నలభై నాలుగేళ్లకే నిజంగా ముసలోడయ్యాడు. ఆస్పత్రిలో టీబీ అన్నారు. మందులు మింగాడు, కోర్సు అయిపోయింది, దగ్గు పోలేదు. మళ్లీ టీబీ అన్నారు. నువ్వేం పని చేస్తావయ్యా అని ఒక్కరూ అడగలేదు. పోయిన రోజు ఓనరు మనిషి వచ్చి ఖర్చులకని రెండు వేలు పెట్టి, ఒక కాగితం మీద అమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నాడు. అందులో ఏం రాశారో ఇవాళ్టికీ మాకు తెలీదు.

ఆ జబ్బుకు సిలికోసిస్ అని పేరుందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. రాయి పగిలినప్పుడు కంటికి ఆనని సన్నటి సిలికా దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరి మచ్చ కడుతుంది. ఆ మచ్చ మానదు. పని మానేసినా ముదురుతుంది. అట్లాంటి ఊపిరితిత్తులకు టీబీ తొందరగా అంటుకుంటుంది. అందుకే టీబీ అన్నంత మాత్రాన సిలికోసిస్ లేదని కాదు. రెండూ ఉండొచ్చు. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. నయం చేసే మందు లేదు గానీ రాకుండా ఆపే దారి ఉంది. డ్రిల్లు దగ్గర నీళ్లు పెట్టాలి, క్రషర్ మీద నీళ్ల జల్లు పెట్టాలి, బెల్టుల మీద మూతలు వెయ్యాలి. ఇదేమైనా కాని పనా? మనిషి నీళ్లకంటే చౌక అనుకున్నారు గనకనే పెట్టరు.

టిప్పరు కొండ దిగితే సీనరేజి కట్టాలి. బిల్లుంటుంది, టన్నుల లెక్కుంటుంది. మరి ఆ దుమ్ముకు పోయిన ఊపిరి ఏ రిజిస్టర్లో ఉంది? సిలికోసిస్ కనపడితే సర్కారుకు తెలియజెయ్యాలని చట్టంలో ఉంది. నష్టపరిహారం ఇవ్వాల్సిన జబ్బుల జాబితాలోనూ ఉంది. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల బదులు లేబర్ కోడ్‌లు వచ్చాయి. చట్టం పేరు మారింది, జబ్బు పేరు మారలేదు. రాజస్థాన్‌లో గని కూలీలు, వాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి కొట్లాడితే 2019లో సర్కారు ఒక విధానం తెచ్చింది. జబ్బు ఉందని తేలితే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు, పైన పెన్షను. అక్కడి ఊపిరికి ఆ మాత్రమన్నా ఖరీదు కట్టారు. ఇక్కడి ఊపిరి ఏం తక్కువైంది?

ఇక రబ్బీసు సంగతి. పాత ఇల్లు పడగొడితే ఆ ముక్కలు ఎక్కడ పోస్తున్నారు? కాలవ గట్టున, డ్రెయిన్లో, మన పేట పక్క పల్లంలో. నీళ్లు పోయే దారి పూడితే ఆ నీళ్లు ముందు వచ్చేది మన ఇళ్లలోకే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశాం గదా. ఆ గండ్లు పూడ్చడానికి మళ్లీ కొండరాయే తోలారు. రబ్బీసు డ్రెయిన్లలో పొయ్యకూడదని 2016 నాటి రూల్సులోనే ఉంది.

నిజానికి రబ్బీసు చెత్త కాదు. ఇనుము తీసి, పగలగొట్టి, జల్లెడ పడితే మళ్లీ కంకరే. 2016 నాటి ఐ.ఎస్. 383 ప్రమాణం ప్రకారం పాత కాంక్రీటు కంకరను ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం, ఎం-25 దాకా ఇనుము వేసే కాంక్రీటులో 20 శాతం, ఎం-15 కంటే తక్కువ రకంలో నూటికి నూరూ వాడొచ్చు. హైదరాబాదు జీడిమెట్లలో 2020లోనే ప్లాంటు పెట్టారు. కొండకు ఇది మంచిదే. మనకు మంచిదా? అక్కడా క్రషరే, అక్కడా దుమ్మే. శ్లాబులు పగలగొట్టి ఇనపముక్కలు అమ్ముకుని బతికేవాళ్లని పక్కకు నెట్టి, ప్లాంటు తెచ్చి మన పేట పక్కన పెడితే కొండ బతికింది, మనం చచ్చాం అన్నట్టే.

అందుకని మనం చెయ్యాల్సిన పనులు చెప్తున్నా. రాసుకోండి.

ఒకటి. ప్రతి పేటలో ఒక నోటుబుక్కు పెట్టండి. పేరు, వయసు, ఏ క్రషరు, ఏం పని, ఎన్నేళ్లు, దగ్గు ఎప్పటినుంచి, అన్నీ రాయండి. ఎక్స్‌రే పారెయ్యొద్దు. డాక్టరు అడక్కపోయినా నేను రాయి పని చేస్తానని చెప్పి, చీటీలో రాయించుకోండి.

రెండు. చదవని కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు.

మూడు. చిన్న క్వారీకైనా పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. సమాచార హక్కు కింద ఆ కాగితం అడగండి. దుమ్ము ఆపడానికి ఏ షరతులు పెట్టారో గ్రామసభలో చదివించండి.

నాలుగు. జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి అని 2015 నుంచి ఉంది. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల నీళ్లకు, ఆరోగ్యానికి పెట్టాల్సిన డబ్బు అది. మన పేటకు ఎంత వచ్చిందో కలెక్టరును అడుగుదాం. ఏడాదికోసారి ఎక్స్‌రే ఆ డబ్బుతోనే తీయమందాం.

అయిదు. రబ్బీసు ప్లాంటు పెడితే ఇళ్లకు దూరంగా పెట్టాలి, నీళ్ల జల్లు ఉండాలి, పని ముందుగా ఇప్పుడు రబ్బీసు ఏరేవాళ్ల సంఘానికే ఇవ్వాలి.

చివరిగా ఒక్క మాట. వడ్డెర అన్న తూటా పేలుస్తాడు. మాల, మాదిగ అక్కలు గంప ఎత్తుతారు. ఒరిస్సా నుంచి వచ్చిన తమ్ముడు డ్రిల్లు పడతాడు. ఊపిరితిత్తులకు కులం లేదు. దుమ్ములో ఎవర్ని నిలబెట్టాలో, లీజు కాగితం మీద ఎవరి ఇంటిపేరు ఉండాలో తేల్చేది మాత్రం కులమే. అందుకే నోటుబుక్కు మాలపేటకొకటి, మాదిగపేటకొకటి, వడ్డెర కాలనీకొకటి రాసినా, కలెక్టరు బల్ల మీద మాత్రం అన్నీ కలిపే పెడదాం. మా నాయన పేరు మొదటి పేజీలో నేనే రాస్తున్నా. రెండో పేరు మీరు చెప్పండి.

జై భీమ్.