మిగిలిన ముగ్గురు ఎక్కడివాళ్లు?

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వసూళ్లు ఇప్పటిదాకా విన్నారు. మేము ఆరోగ్యం లెక్క చెప్పడానికి లేచాం. ఈ లెక్కలో రూపాయల కంటే ముందు చూడాల్సింది దూరం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 100 కాన్పుల్లో 97 ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఇది చిన్న విషయం కాదు, ఊరికే వచ్చిందీ కాదు. 2005లో జననీ సురక్ష యోజన వచ్చింది, ఆ తర్వాత ఊరూరా ఆశా కార్యకర్తలు వచ్చారు. 2017 జూన్‌లో కేసీఆర్ కిట్ మొదలైంది. సర్కారు దవాఖానాలో కాన్పయితే ఆడపిల్లకు 13 వేలు, మగపిల్లాడికి 12 వేలు విడతలవారీగా తల్లి ఖాతాలో వేశారు. 102 బండి పెట్టారు. వీటి వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. కాదనేవాళ్లు ఎవరూ లేరు.

అయితే మా ప్రశ్న ఒక్కటే. మిగిలిన ముగ్గురు ఎక్కడివాళ్లు? రాష్ట్రం మొత్తం సగటు ఆ సంగతి చెప్పదు. మన గూడేల్లో ఎవరికి వారు లెక్క తీస్తేనే తెలుస్తుంది.

ఒకే పథకం రెండు ఊళ్లలో ఎట్లా పనిచేస్తుందో చూడండి. రోడ్డు పక్క ఊళ్లో నొప్పులు మొదలైతే ఫోన్ చేస్తారు, బండి గుమ్మం ముందుకొస్తుంది. వాగు అవతల గూడెంలో ముందు ఫోన్‌కు సిగ్నల్ దొరకాలి. బండి రోడ్డు ఆగిపోయిన చోట ఆగుతుంది. అక్కడిదాకా మనిషిని మంచం మీదో, డోలీలోనో మోయాలి. ఆషాఢ, శ్రావణ మాసాల్లో వాగు పొంగితే అదీ లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. కాన్పు తేదీ మాత్రం నీళ్లు తగ్గేదాకా ఆగదు గదా!

డబ్బు సంగతీ అంతే. విడతలు అందాలంటే పరీక్షలకు వెళ్లాలి, టీకాలు వేయించాలి, ఆధార్ ఉండాలి, బ్యాంకు ఖాతా ఉండాలి. తునికాకు సీజన్‌లో పరీక్ష రోజు వస్తే, కట్టలు కట్టే పని వదిలి వెళ్లడమంటే ఏడాదికోసారి చేతికొచ్చే కూలి వదులుకోవడమే. ఇద్దరు పిల్లల వరకే అన్న నిబంధన కూడా చూడండి. మూడో, నాలుగో కాన్పుకు వచ్చిన తల్లికే ప్రమాదం ఎక్కువ. సాయం ఆగింది అక్కడే. ఇక ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవి అంచున గుడిసెలు వేసుకున్న గుత్తికోయల్లో చాలామందికి కాగితాలే లేవు. కాగితం లేకపోతే పథకం దృష్టిలో మనిషే లేనట్టు.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. ఆసుపత్రికి వెళ్లడానికి ఇది ఎంతో మేలు. కానీ బస్సు రాని గూడెం నుంచి రోడ్డు దాకా ఆటో మనమే మాట్లాడుకోవాలి. అదే నెలలో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. పెద్ద ఆపరేషన్ పడ్డ ఇంటికి అది కొండంత అండ. గూడెంలో జ్వరం వస్తే అయ్యే ఆటో కిరాయి, ఆర్‌ఎంపీ ఎక్కించే సెలైన్, నాలుగు రోజుల కూలి నష్టం మాత్రం ఆ కార్డులో లేవు. వాటి కోసమే మనవాళ్లు సంఘంలో అప్పు అడుగుతున్నారు.

సరిహద్దు మాట కూడా చెప్పాలి. 2014లో పోలవరం ముంపు కోసం అప్పటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఎటపాక భద్రాచలానికి ఆనుకునే ఉంది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డప్పుడు వాళ్ల జిల్లా కేంద్రం ఎక్కడో పాడేరు అయింది. గీత గీసినంత మాత్రాన జబ్బుపడ్డ మనిషి దగ్గరి ఆసుపత్రి వదిలి దూరం పోడు. కార్డు మాత్రం గీత అవతల ప్రతిచోటా చెల్లదు.

జూలియన్ ట్యూడర్ హార్ట్ అని బ్రిటన్‌లో ఒక డాక్టరు ఉండేవాడు. మన ఇల్లెందు, మణుగూరు లాంటి బొగ్గు గనుల ఊళ్లో వైద్యం చేసేవాడు. అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువగా దొరుకుతుందని 1971లోనే రాశాడు. అంటే ఇది మన ఒక్కరి బాధ కాదు.

అవసరాన్ని చూసి చేసిన పనులూ ఉన్నాయి. మైదానంలో 5 వేల జనాభాకు ఒక సబ్ సెంటర్ అయితే, గిరిజన ప్రాంతంలో 3 వేలకే ఒకటి అన్నారు. 2022 డిసెంబర్‌లో న్యూట్రిషన్ కిట్‌ను అన్ని జిల్లాలకూ ఒకేసారి ఇవ్వకుండా, గర్భిణుల్లో రక్తహీనత ఎక్కువున్న 9 జిల్లాలను ముందు ఎంచారు. అందులో మన భద్రాద్రి కొత్తగూడెం ఉంది. పార్వతీపురం ఐటీడీఏ వాళ్లు సాలూరులో కొండ ఊళ్ల గర్భిణులకు వసతి గృహం పెట్టారు. నెలలు నిండకముందే వచ్చి ఉంటారు, నొప్పుల వేళ డోలీ అవసరం పడదు. అందరికీ ఒకేలా పంచడం వేరు, అందరికీ అందేలా చేయడం వేరు. రెండోదాన్నే మేము సమన్యాయం అంటున్నాం.

అందుకని ఈ మహాసభ ముందు ఒక తీర్మానం పెడుతున్నాం. ప్రతి గ్రామ సంఘం పొదుపు పుస్తకం పక్కన ఒక ఆరోగ్య పుస్తకం పెట్టాలి. ప్రతి కాన్పుకూ, ప్రతి పెద్ద జబ్బుకూ నాలుగు సంగతులు రాయాలి. బండి ఎక్కడిదాకా వచ్చింది? చేతి నుంచి ఎంత ఖర్చయింది? ఎన్ని రోజుల కూలి పోయింది? పథకం అందిందా, అందకపోతే ఏ కారణం చెప్పారు? సంఘంలో లేని ఇళ్లు, కాగితాలు లేని ఇళ్లు కూడా అందులో ఉండాలి. వాళ్లను వదిలేస్తే మన లెక్కా పైవాళ్ల లెక్కలాగే అవుతుంది. పేర్లు మాత్రం బయట చదవొద్దు.

వేదిక మీది అధికారులను మూడు కోరుతున్నాం. వర్షాకాలం ముందే నెలలు దగ్గరపడ్డ గర్భిణులకు ఆసుపత్రి దగ్గర ఉండే చోటు, తోడు వచ్చినవాళ్లకు భోజనం ఏర్పాటు చేయండి. తునికాకు, మిర్చి కోతల రోజుల్లో పరీక్షలు పనిచోటుకే తీసుకురండి. ఏ కొత్త పథకం వచ్చినా ఎంతమందికి అందిందనే కాదు, ఎవరికి అందలేదో కూడా గూడెం వారీగా మాకు చెప్పండి.

రూపాయి తేడా వస్తే రాత్రంతా కూర్చుని లెక్క సరిచేసే సంఘాలు మనవి. ఆ ముగ్గురి లెక్క కూడా అట్లాగే తేల్చుదాం. తీర్మానాన్ని బలపరచమని కోరుతున్నాం.